డాక్టరుగారి బీపీ

మా మామగారికి బీపీ ఉంది. రాజమండ్రిలో బట్టల కొట్టు ఆయనది. ఏదైనా తన కళ్ళముందు కొలవందే నమ్మరు. అందుకే కిందటి నెల బీపీ మిషను కొనేశారు. పంపు కొట్టి, స్టెతస్కోపు పెట్టి వినడం నేను నేర్చుకున్నాను. ఇంట్లో చూస్తే మామూలుగానే ఉంటుంది, డాక్టరుగారి దగ్గర మాత్రం ఎప్పుడూ ఎక్కువే.

ఈ రోజు పొద్దున్న కూడా అంతే అయింది. డాక్టరుగారు విసుక్కున్నారు.

"ఆవకాయ మానేయండి. ఆ మిషను కొన్నచోటే తిరిగిచ్చేయండి. పేషెంట్లే బీపీ చూసేసుకుంటే ఇక మేమెందుకండీ?"

"ఇంట్లో బాగానే ఉంటోందండి," అన్నారు మామగారు, ఆవకాయ పోతుందన్న దిగులుతో.

"మీ కోడలుగారికి వినడం రాదండి. ఏదమ్మా, నాకు చూడండి," అంటూ డాక్టరుగారు చొక్కా చెయ్యి మడిచారు.

భయపడుతూనే చూశాను. మామగారి కంటే ఎక్కువ వచ్చింది. నా చెవిని నేనే నమ్మలేక మళ్ళీ చూశాను. అంతే ఉంది. డాక్టరుగారు స్టెతస్కోపు లాక్కుని తనే విన్నారు. చొక్కా చెయ్యి కిందికి దించుకున్నారు.

"పొద్దుట్నించీ పేషెంట్లమీద అరుస్తూనే ఉన్నాను కదమ్మా. ఇంటి దగ్గరైతే ఇంతుండదు."

"నేను చెప్పేదీ అదేనండి," అన్నారు మామగారు వినయంగా.

మిషను తిరిగివ్వమన్న మాట మళ్ళీ రాలేదు. మేం గుమ్మం దాకా వచ్చాక డాక్టరుగారు గొంతు తగ్గించి, "ఆదివారం మీ ఇంటికొస్తానమ్మా, తీరిగ్గా ఇంకోసారి చూద్దురుగాని," అన్నారు.

మామగారు వెంటనే భోజనానికి పిలిచేశారు. నా సందేహమల్లా ఒకటే. ఆ రోజు ఆవకాయ వడ్డించాలా, వద్దా? వడ్డిస్తే ఎవరికి? మీరైతే ఏం చేస్తారు?