వేలితో చదివే పాలరాతి గోడ

పల్లెమాటల నిఘంటువు ఒకటి చాలా ఏళ్ళుగా నా బల్ల మీదే ఉంది. తొవ్వ (దారి), దూప (దాహం), మొగులు (మబ్బు) లాంటి మాటలకు అంత ఆప్యాయంగా అర్థాలు రాసిన పండితుడు ఎలాంటివాడో అనుకునేదాన్ని. ఆయన కామారెడ్డి జిల్లా ఎల్లారెడ్డి దగ్గర ఒక పల్లెలోని చర్చి బడిలో పాఠాలు చెప్పేవారనీ, ఆయన పోయాక ఊరివాళ్ళు ఆ చర్చిలోనే ఆయన గుర్తుగా పాలరాతి గోడ కట్టించారనీ ఒక స్నేహితురాలు చెప్పింది. ఆ వారమే బయలుదేరాను.

సికింద్రాబాదులో పొద్దున్నే రైలెక్కి కామారెడ్డిలో దిగి, ఎల్లారెడ్డి బస్సు పట్టుకున్నాను. లింగంపేట మీదుగా గంటన్నర పైనే పట్టింది. దారంతా వరి, మక్కజొన్న చేలు. ఎల్లారెడ్డి నుంచి రానూపోనూ ఆటోకు మూడు వందలు. డ్రైవరు సత్తయ్యది ఆ పల్లే. “మా బాపుకు అక్షరాలు దిద్దిచ్చింది ఆ సారే, మేడం,” అన్నాడు.

బయటినుంచి చూస్తే సున్నం కొట్టిన చిన్న చర్చి. లోపల అడుగుపెట్టి అక్కడే ఆగిపోయాను. కుడివైపు గోడ నేల నుంచి దూలాల దాకా తెల్లని పాలరాయి. పండితుడి పేరు మాత్రం గోడ అడుగున ఒక మూల చిన్నగా ఉంది. మిగతా గోడంతా ఆయన ఏరి తెచ్చిన మాటలే, లోతుగా చెక్కి ఉన్నాయి. కిటికీలోంచి ఏటవాలుగా పడిన ఎండకు ప్రతి అక్షరంలోనూ సన్నని నీడ నిలిచింది. పుస్తకంలో ఎన్నోసార్లు చూసిన మాటలే అయినా ఒక్కొక్కటీ మళ్ళీ కొత్తగా చదువుకున్నాను.

అక్కడ ఒక పనివాడు టేపు పట్టి గోడ కొలుస్తున్నాడు. రాయి మాసిపోతోందని గోడ నిండా గాజు పలకలు బిగించబోతున్నారట. ఈమధ్యే వచ్చిన పాస్టరుగారు ఆ సంగతి సంతోషంగా చెబుతుంటే, సత్తయ్య గబగబా బయటికి వెళ్ళి ఒక ముసలమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఆమె పేరు పోచవ్వ. వయసులో ఉన్నప్పుడు పగలు బీడీలు చుట్టి, సాయంత్రం పండితుడి దగ్గర చదువుకుందట. ఇప్పుడు చూపు పూర్తిగా పోయింది.

ఆమె రాయిని అరచేత్తో తడిమి, చూపుడువేలు ఒక అక్షరంలో పెట్టింది. వేలు ఆ ఒంపుల వెంట మెల్లగా తిరిగింది.

“మొ... గు... లు,” అని చదివింది.

పాస్టరుగారు తెల్లబోయారు. “నువ్వు గిట్ల చదువుతవని నాకు తెల్వదు, అవ్వా.”

“కండ్లు పోయినంక పుస్తకాలన్ని మూతవడ్డయి, బిడ్డా. ఇగ నేను చదివేది గీ గోడ ఒక్కటే. దీన్ని గూడ మూస్తరా?”

ఆయన గోడ దగ్గరికి వచ్చి, ఆమె చదివిన అక్షరాలను తానూ వేలితో తడిమి చూశారు. తర్వాత పనివాణ్ణి టేపు చుట్టేయమన్నారు. రాయి మాసినప్పుడల్లా మనమే కడుక్కుందాం అన్నారు. పోచవ్వ తలూపి, అప్పటికే పక్క మాట మీదికి వేలు జరిపింది.

పండితులకు విగ్రహాలు పెట్టి దండలు వేయడం చాలాచోట్ల చూశాను. ఒక మనిషి నేర్పిన చదువు, ఆయన పోయాక, నేర్చుకున్నామె చూపు కూడా పోయాక, ఆమె వేలికొసన ఇంకా బతికి ఉండడం ఇక్కడే చూశాను. తిరిగి వస్తూ బస్సులో చాలాసేపు నా చేతివేళ్ళనే చూసుకుంటూ కూర్చున్నాను.

మీరు వెళ్తే ఒక్క మాట. ఆదివారం తప్ప చర్చికి తాళం ఉంటుంది. పక్కింట్లో అడిగితే తీస్తారు. గుమ్మం పక్కనే నల్లా ఉంది. చేతులు శుభ్రంగా కడుక్కుని లోపలికి వెళ్ళండి, కళ్ళు మూసుకుని ఒక్క మాటైనా చదవండి.