పెళ్లిచూపులకు కనబడని కంపైలర్

కంప్యూటర్ అనే మాట వింటే మా నరసరావుపేటలో భయమూ భక్తీ రెండూ కలిగే కాలం అది. దాని గదిలోకి చెప్పులతో వెళ్లకూడదు, గట్టిగా మాట్లాడకూడదు, దుమ్ము పడనివ్వకూడదు. మనుషులు తాటాకు విసనకర్రలతో సరిపెట్టుకుంటున్న ఊళ్లో దానికి మాత్రం ఏసీ ఉండేది. అలాంటి మిషను ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చునే హక్కు నాకుండేది కాబట్టి, ఇరవై రెండేళ్లకే నేనొక మేధావినని ఊరు నమ్మింది. ఊరు నమ్మాక కాదనడం మర్యాద కాదని నేనూ నమ్మాను. (హైదరాబాదులో కొన్ని నెలల కోర్సు చేసొచ్చిన మాట నిజమే. మా బ్యాచ్ మొత్తానికి ఉన్న ఒకే ఒక్క మిషను అందులో సగం రోజులు రిపేరులో ఉండేదన్న సంగతి మాత్రం నన్నెవరూ అడగలేదు.)

ఆ మిషను మా బావది, అంటే మా అక్క భర్తది. ఆయన కింద ఎరువుల కొట్టు నడుపుతూ, మిద్దె మీది గదికి 'కంప్యూటర్ జాతకములు' అని పెద్ద బోర్డు పెట్టించాడు. జాతకాలు వేసే ప్రోగ్రామే ఇంకా రాలేదు. "బోర్డు ముందు పెడితే ప్రోగ్రామ్ అదే వస్తదిరా," అన్నాడు బావ. అంతటితో ఆగకుండా నాకొక సంబంధం కూడా చూశాడు. రెంటచింతల రైతు కూతురు, మా ఊళ్లోనే డిగ్రీ ఆఖరు సంవత్సరం చదువుతోంది. ఆ పెద్దాయనతో మావాడు కంప్యూటర్ ఇంజనీరని చెప్పాడట. పెద్దాయన కాసేపు ఆలోచించి, "అయితే ఇద్దరి జాతకాలూ ఆ మిషన్లోనే చూపించండి. పొంతనా తేలిపోద్ది, అబ్బాయి పనీ చూసినట్టుంటది," అన్నాడట. బావ సరేనని ముహూర్తం కూడా పెట్టేసి, ఆ తర్వాత నాకు చెప్పాడు.

జాతకాల ప్రోగ్రామ్ హైదరాబాదులో నా స్నేహితుడు ఒకడు రాశాడు. కబురు పెడితే ఫ్లాపీ బస్సులో పంపాడు. కానీ అందులో ఉన్నది సోర్స్ మాత్రమే, అంటే మనిషి రాసిన రాత. దాన్ని మిషనుకు అర్థమయ్యే భాషలోకి మార్చడానికి కంపైలర్ అనే మరో ప్రోగ్రామ్ కావాలి. 'మీ మిషన్ వేరు, మా మిషన్ వేరు. అక్కడే కంపైల్ చేసుకో, చిటికెలో పని' అని చీటీ పెట్టాడు. కంపైలర్ మా మిషనులో ఉంది. దాన్ని ఎక్కించింది నేనే. ఎక్కించాక మళ్లీ దాని ముఖం చూడలేదు. ఫ్లాపీ చేరింది పెళ్లివారు వచ్చే రోజు పొద్దున. చిటికెలో పనే కదా, వాళ్ల కళ్లముందే చేసి చూపిస్తే ఇంకా బాగుంటుందనుకున్నాను. తెలివితేటలు అలా ఏడ్చాయి.

పెద్దాయన, ఆ అమ్మాయి, ఆమె మేనత్త వచ్చారు. మంచి ఎండాకాలం. పెద్దాయన గదిలో అడుగు పెడుతూనే కళ్లు మూసుకుని గుండెల నిండా గాలి పీల్చి, "ఇదేందబ్బాయ్, ఇంత చల్లగుంది! మా రెంటచింతలలో కుండలో నీళ్లు గూడా ఇంత చల్లగుండవు. నువ్వు నిదానంగానే కానీ," అని కండువా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. నేను వేళ్లు విరుచుకుని కంపైలర్ పేరు కొట్టాను. తెర మీద ఆకుపచ్చ అక్షరాలతో 'బ్యాడ్ కమాండ్ ఆర్ ఫైల్ నేమ్' అని వచ్చింది.

"ఏందంట?" అన్నాడు పెద్దాయన.

"కంపైలర్ కనబడటం లేదంటోందండీ."

"ఏడబెట్టావు?"

"ఇందులోనే ఉందండీ."

"ఇందులోనే ఉంటే దానికి కనబడదా?"

ఎక్కడెక్కడ వెతకాలో మనం పాత్ అని ఒక వరసలో రాసివ్వాలనీ, రాసివ్వని చోట పక్కనే ఉన్నా అది తొంగిచూడదనీ వివరించాను. పెద్దాయన మేనత్త వైపు తిరిగి, "మీ ఆయన లాంటిదేనమ్మా. ఉప్పుడబ్బా ఎదురుగానే ఉన్నా చెబితేగానీ కనబడదు," అన్నాడు. అమ్మాయి నవ్వాపుకోవడం తెర అద్దంలో నాకు కనిపించింది.

కంపైలర్ ఉన్న చోటు పాత్‌లో రాశాను. ఈసారి అది దొరికింది, గబగబా పని చేసింది, చివర్లో ముక్కలన్నీ అతికించే లింకర్ కనబడటం లేదంది. లింకర్ వేరే చోట ఉంది. ఆ చోటు రాశాను. ఈసారి లింకర్ దొరికింది గానీ కంపైలర్ మాయమైంది. కొత్త పాత్ ఇస్తే మిషను పాతది మొత్తం మర్చిపోతుందని నాకు అప్పుడు గుర్తొచ్చింది. రెండూ కలిపి ఒకే వరసలో రాశాను. ఈసారి రెండూ కనబడలేదు. బావ నా వెనక నిలబడి, "వస్తదండీ, కంప్యూటర్ కదా, ఆలోచిస్తా ఉంది," అని సర్దిచెబుతూనే నా భుజం గిల్లాడు. "ఏందిరా ఇది? నాకు బోర్డు ఖర్చన్నా దక్కనిస్తావా?" అన్నాడు చెవిలో. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఏసీ ఆగింది, తెర నల్లబడింది.

"ఇప్పుడు మా ఊరి మాదిరే ఉంది," అన్నాడు పెద్దాయన.

అక్క మజ్జిగ తెచ్చింది. చొక్కా వీపుకు అంటుకుపోయి, నల్లటి తెర ముందు నేను కూర్చున్న ఆ సేపట్లో, రెంటచింతలకు తిరుగు బస్సు ఎన్నింటికో మేనత్త అక్కను రెండుసార్లు అడిగింది. ఆ అమ్మాయి మాత్రం మజ్జిగ గ్లాసు నా పక్కన పెట్టి, "కంగారు పడకుండా మళ్లీ మొదట్నించీ చూడండి," అంది, పరీక్ష హాల్లో స్నేహితులు చెప్పుకునేంత మెల్లగా. ఆ మాటతో నాకు ఆ సంబంధం మీద అంతవరకూ లేని ఆశ పుట్టింది.

కరెంటొచ్చింది. కరెంటుతో పాటు పోయిన పాత్‌ను ఈసారి ఒక్కో అక్షరమే పైకి చదువుకుంటూ కొట్టాను. రెండు చోట్ల పేర్ల మధ్య పెట్టాల్సింది సెమీకోలన్. ఇందాక నేను పెట్టింది కోలన్! ఆ చిన్న పొరపాటుకు మిషను రెండు చోట్లనీ కలిపి, లోకంలో లేని మూడో చోటు అనుకుని అక్కడ వెతికింది. సరిదిద్దాను. కంపైలర్ దొరికింది, లింకర్ దొరికింది, ప్రోగ్రామ్ తయారైంది. ఇద్దరి పుట్టిన వివరాలూ కొట్టాను. ప్రింటర్ కీచుమంటూ కాగితం వదిలింది. బావ గుండె నిండా గాలి తీసుకుని, "చూశారా! కంప్యూటర్ చెప్పిందంటే ఇంక తిరుగులేదండీ," అన్నాడు.

కాగితం పైకే చదివాను. పొంతన కుదరాలంటే ముప్ఫయ్యారు గుణాల్లో కనీసం సగం రావాలి. మాకు తొమ్మిది వచ్చాయి.

పొద్దుట్నించీ ఏ మిషను గొప్పదని నిరూపించడానికి చెమటోడ్చానో ఆ మిషను నా పెళ్లి వద్దంది. నేను వెంటనే గొంతు సవరించుకుని, "ఇది ఖచ్చితంగా నమ్మడానికి లేదండీ. కొత్త ప్రోగ్రామ్, ఎక్కడో లెక్క తప్పుంటుంది," అన్నాను. బావ ముఖం చూడాలి. సంబంధం నిలవాలంటే మిషను తప్పనాలి, మిషను తప్పంటే కొట్టు మీది బోర్డు దింపాలి.

"ఇంతకీ తప్పు మిషనుదా, మీదా?" అంది ఆ అమ్మాయి. అందరూ వినేలా నాతో ఆమె మాట్లాడిన మొదటి మాట అది.

మేధావిగా నాకున్న పేరు మొత్తం ఆ ప్రశ్న ముందు ఒక్క క్షణం ఊగింది. "నాదేనండీ. నేనే ఎక్కడో తప్పు చేసుంటాను," అన్నాను.

పెద్దాయన కాగితాన్ని మడిచి, ఏసీ చల్లదనం ఇంకా అందక దాంతోనే విసురుకుంటూ నవ్వాడు. "కంపైలరును కడుపులో పెట్టుకుని పొద్దుట్నించీ లేదు లేదన్న మిషనిది. నా కూతురి సంసారం సంగతి దీనికేం తెలుసు? మొగోడు తప్పు నాదనటం మాత్రం నేనీ వయసుకు ఇదే వినటం. ఏమ్మా, ఏమంటావు?" అన్నాడు. ఆమె ఈసారి నవ్వాపుకోలేదు. మేనత్త బస్సు సంగతి మళ్లీ అడగలేదు.

ఆ తర్వాత ఆ ప్రోగ్రామ్‌ను నేను వరస వరసా వెతికాను. లెక్కలో తప్పు దొరకలేదు. ఆ మాట చెబితే మా ఆవిడ, "తొమ్మిదితోనే ఇంత దూరం వచ్చామా, ఫర్వాలేదే," అని తన పనిలో పడిపోయింది. ఆ రోజుల్లోని నన్ను తలుచుకుంటే ఇప్పుడు నాకు జాలీ నవ్వూ కలిసి వస్తాయి. ఆ కుర్రాడికి కంపైలర్ గురించి తెలిసింది తక్కువ, తెలుసునని చెప్పుకున్నది చాలా ఎక్కువ. అయినా ఆ ఎండాకాలం పగలు, తడిసిన చొక్కాతో నిలబడి, తన పని తప్పయి ఉండాలని అంత మనస్ఫూర్తిగా కోరుకున్న ఆ ఒక్క నిమిషంలో మాత్రం వాడు నాకు కాస్త తెలివైనవాడిలాగే కనిపిస్తాడు.