సగానికి కాచిన నీళ్లు

పాప కాళ్లలో తేడా ఉందని మొదట గమనించింది నేను కాదు, అంగనవాడి టీచర్. అప్పటికి పాపకు నాలుగేళ్లు దాటి మూడు నెలలు. ఒక సోమవారం మధ్యాహ్నం తీసుకురావడానికి వెళ్లేసరికి పిల్లలంతా వరుసగా కింద కూర్చుని అన్నం తింటున్నారు. మా పాప ఒక్కతే ప్లేటు కిటికీ గూట్లో పెట్టుకుని, నిలబడి తింటోంది.

"ఏందమ్మా, మీ పాప కింద కూచోనే కూచోదు," అంది టీచర్. "వారం నుంచి ఇట్లే. కూచోమంటే ఏడుస్తాది. ఇంట్లో గూడా ఇంతేనా?"

ఇంట్లో మేము మంచం మీద కూర్చోబెట్టి తినిపిస్తాం. అందుకే నాకు తెలియలేదు.

ఇంటికి తెచ్చి నిటారుగా నిలబెట్టి చూశాను. మోకాళ్లు రెండూ తగులుకుంటున్నాయి. చీలమండల మధ్య నా నాలుగు వేళ్లు పట్టేంత సందు ఉంది. నొప్పిగా ఉందా అని అడిగితే, "కాల్లో చీమలు కరస్తాండాయమ్మా, లోపల," అంది. ఎక్కడ అంటే మోకాలి మీద చెయ్యి వేసి చూపించింది.

మాది పావగడ తాలూకాలో తిరుమణికి దగ్గరి ఊరు. ఒకప్పుడు మా వాళ్లు గొర్రెలు మేపారు, తర్వాత శనక్కాయ పండించారు. ఇప్పుడు మా పొలం సోలార్ పార్కుకు లీజులో ఉంది. మా ఆయన అక్కడే ప్యానెళ్లు కడిగే మనుషులకు సూపర్‌వైజర్. ఊరికి నీళ్లు రెండు రకాలు. బోరు నీళ్లు ట్యాంకులోకి ఎక్కి అక్కడి నుంచి ఇంటింటికీ కొళాయిలో వస్తాయి. తాగడానికి ఫిల్టర్ ప్లాంటు నుంచి క్యాన్లలో తెచ్చుకుంటాం. ఈ ప్రాంతం నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటుందని ఇక్కడ ఎవరికీ ఎవరూ చెప్పనక్కర్లేదు.

పావగడలో పిల్లల డాక్టరుకు చూపించాం. ఆయన పాపను నడిపించాడు, మోకాళ్లు నొక్కాడు. "ఈ వయసులో మోకాళ్లు ఇలా తగులుకోవడం, నాక్ నీస్ అంటాం, మామూలేనమ్మా. ఏడేళ్లకు వాటంతట అవే సర్దుకుంటాయి. వైటమిన్ డి తక్కువ ఉండొచ్చు, సిరప్ రాస్తాను," అన్నాడు. రాస్తూ రాస్తూ, "నీళ్లు ఏవి ఇస్తారు?" అని అడిగాడు.

"కాచినవి సార్."

"గుడ్," అన్నాడు.

ఆ మాటకు నాకు సంతోషం కలిగింది. ఆ తర్వాత చాలాసార్లు ఆ సంతోషం గుర్తొచ్చింది.

కాచిన నీళ్ల సంగతి చెప్పాలి. పాపకు ఏడాది నిండినప్పుడు వాంతులు, విరేచనాలు పట్టుకుని రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచాం. క్యాన్ లోపల పాచి చేరిందేమో, దానివల్లేనేమో అని నాకు అనుమానం. నిజంగా దానివల్లేనా అన్నది ఇప్పటికీ తెలియదు. ఆ రోజు నుంచి పాపకు ఫిల్టర్ నీళ్లు మానేశాను. మా అమ్మ బాలింతలకు, చంటిపిల్లలకు నీళ్లు కాచి ఇచ్చే పద్ధతి ఒకటి ఉంది. పెద్ద గిన్నె నిండా నీళ్లు పోసి, చిటికెడు జీలకర్ర వేసి, సగానికి వచ్చేదాకా మరిగించాలి. మా వైపు చాలా ఇళ్లలో ఇదే పద్ధతి. ఎటూ అంతసేపు కాస్తున్నాను కదా అని కొళాయి నీళ్లే పట్టేదాన్ని. పాప తాగేవి అవే. రాగి గంజికీ అవే. గిన్నె అడుగున తెల్లటి పొర కట్టేది. వారానికోసారి చింతపండుతో తోమేదాన్ని.

మా అత్త దెప్పుతూనే ఉండేది. "ఒకే ఇంట్లో నీ బిడ్డకొక నీళ్లు, మాకొక నీళ్లు. మేమేమన్నా గొడ్లమా?"

"నువ్వు బండరాయి తిన్నా అరిగిచ్చుకుంటావు లేత్తా. దానికి అరగదు," అనేదాన్ని నేను.

సిరప్ మూడు నెలలు వేశాం. తగ్గలేదు. పాప ఆడుకుంటూ పరుగెత్తితే మోకాళ్లు తగులుకుని పడిపోయేది. నేను రోజూ పొద్దున్నే నిలబెట్టి చీలమండల మధ్య వేళ్లు పెట్టి కొలిచేదాన్ని. నాలుగు వేళ్లు ఐదయ్యాయి. డాక్టరుకు చెబితే, "రోజూ కొలవకమ్మా, నీకూ దానికీ బెంగ," అన్నాడు. సిరప్ మోతాదు పెంచాడు. ఎముకలకు బలమని నేను రాగి గంజి రోజుకు రెండు పూటలు చేశాను. నీళ్లు ఎక్కువ తాగించాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆ మూడు నెలలు నేను చేసిందల్లా ఇదే.

వేళ్లు ఆరు అయిన రోజు మా ఆయన సెలవు పెట్టాడు. తుమకూరులో ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్లాం. అక్కడ ఆర్థో డాక్టరు, నడివయసు ఆవిడ, కన్నడలో మాట్లాడింది. మోకాళ్లకు, ముంజేతికి ఎక్స్‌రే తీయించింది. రక్తంలో కాల్షియం, వైటమిన్ డి, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ చూడమంది. ఎక్స్‌రే లైటు మీద పెట్టి కాసేపు చూసి, "ఏ ఊరు మీది?" అని అడిగింది.

"పావగడ తాలూకా."

ఆవిడ పెన్ను కింద పెట్టింది. "నీళ్లు?"

"కాచినవి మేడమ్."

"ఏ నీళ్లు కాస్తారు?"

ఆ ప్రశ్న అంతకుముందు ఎవరూ అడగలేదు. "కొళాయివి," అన్నాను.

"ఎంతసేపు?"

"సగం అయ్యేదాకా."

ఆవిడ గొంతు పెంచలేదు. "కాస్తే క్రిములు చస్తాయి. ఫ్లోరైడ్ చావడానికి అదేమీ క్రిమి కాదు. ఆవిరై పోయేవి నీళ్లు. అది మొత్తం గిన్నెలోనే ఉంటుంది. సగం నీళ్లలో రెండింతలు ఉన్నట్టు." ఆ తర్వాత యూరిన్ ఫ్లోరైడ్ టెస్ట్ రాసింది. అది బయటి ల్యాబ్‌కు పంపారు. ఎక్కువే వచ్చింది.

నేను బీఎస్సీ చదివాను. ఉప్పు నీటిని వేడి చేస్తే ఉప్పు పాత్రలో మిగులుతుందని రికార్డులో బొమ్మ వేసి, మార్కులు తెచ్చుకున్నదాన్ని. బస్సులో తిరిగి వస్తుంటే మా ఆయన అన్నాడు, "తెలీక జేసినావు. ఇడిసిపెట్టు."

"తెలుసు. సదువుకున్నా."

"అట్లయితే నాకేమన్నా తెలీదా? నేనూ పదోతరగతిలో అదే సదివినా. ఇద్దరం కలిసి ఆ గిన్నె దించినాము గదా."

బయల్దేరే ముందు డాక్టరు ఇంకో మాట కూడా చెప్పింది. "మీ ఊరి నీళ్లు ముందు కొలిపించండి. ఎంత ఉందో తెలియకుండా నేను మందు ఏం ఇచ్చినా లాభం లేదు."

ఊరి నీళ్లు మంచివేనని పంచాయతీ గోడ మీద కాగితం అంటించి ఉంది. దాని మీద పరీక్ష చేసిన ఫలితం కూడా ఉంది. వాటర్‌మ్యాన్ నాగన్న కనిపిస్తే ఆ కాగితం సంగతి అడిగాను.

"ఆ కాయిదమా?" అన్నాడు. "అది పాత బోరుదమ్మా. అది ఎండిపోయి రెండు ఎండాకాలాలాయె. ఇప్పుడు ట్యాంకుకు ఎక్కేది కొత్త బోరు. శానా లోతు పోయినారు."

"కొత్త బోరు నీళ్లు టెస్ట్ చేసినారా నాగన్నా?"

"నన్ను వాల్వు తిప్పమన్నారు, తిప్పుతాండా. టెస్టు యాడ చేస్తారో నాకేం తెలుసు?"

నీళ్లు పరీక్షించే కిట్టు అంగనవాడి బీరువాలో ఉంది. టీచర్‌కు ఒకరోజు శిక్షణ ఇచ్చి, పెట్టె చేతికిచ్చి పంపారట. అట్ట మీది టేపు కూడా విప్పలేదు. ఇద్దరం అరుగు మీద కూర్చుని లోపలి కాగితం చదువుకుంటూ చేశాం. మూడు గాజు గొట్టాలు: ఒకదాంట్లో ఫిల్టర్ నీళ్లు, ఒకదాంట్లో కొళాయి నీళ్లు, మూడోదాంట్లో నేను కాచిన నీళ్లు. మందు చుక్కలు వేస్తే ఫ్లోరైడ్ తక్కువ ఉన్న నీళ్లు గులాబీ రంగులో ఉంటాయి. ఎక్కువయ్యేకొద్దీ పసుపుకు తిరుగుతాయి. ఆ రంగును అట్ట మీది గళ్లతో పోల్చుకోవాలి.

ఫిల్టర్ నీళ్లు గులాబీగా ఉన్నాయి. కొళాయి నీళ్లు నారింజ రంగుకు వచ్చాయి, అట్ట ప్రకారం తాగకూడని గడిలో. నావి పసుపుపచ్చగా, చివరి గడి రంగు కూడా దాటిపోయాయి.

మా అత్త వెనకాల నిలబడి చూసింది. ఇంటికి వచ్చి ఆ గిన్నె తీసి, దాంట్లో ఎద్దుకు కుడితి కలపబోయింది. మళ్లీ ఏమనుకుందో, "దానికి మాత్రం ఎముకలు లేవా," అని పక్కన పెట్టింది.

కిట్టు చెప్పేది ఉజ్జాయింపు మాత్రమే. అందుకని సీసాలో నీళ్లు పట్టి, మీద ఏ బోరో, ఏ తేదీనో రాసి, పెద్ద ల్యాబ్‌కు పంపాం. వాళ్లదీ అదే మాట: తాగడానికి, వంటకు పనికిరావు, స్నానానికి, బట్టలకు పరవాలేదు. ఆ కాగితం జిరాక్స్ తీసి పంచాయతీకి ఒకటి, డాక్టరుకు ఒకటి ఇచ్చాను.

చికిత్స వినడానికి చిన్నది. తాగడానికే కాదు, గంజికి, సంగటికి, పప్పుకు కూడా ఫిల్టర్ నీళ్లు. కాల్షియం, వైటమిన్ డి, పాలు, గుడ్డు, మునగాకు. మూడు నెలలకోసారి పరీక్ష. "ఎముకలో చేరింది ఒక్కసారిగా పోదు. పాపది పెరిగే వయసు, అదొక్కటే మనకు కలిసొచ్చేది. వంపు ఎంత తగ్గుతుందో ఇప్పుడే చెప్పను. తగ్గకపోతే ప్లేట్లు వేసే చిన్న ఆపరేషన్ ఉంది," అంది డాక్టరు.

నాలుగు నెలలు బాగానే సాగింది. తర్వాత ఫిల్టర్ ప్లాంటులో ఏదో పాడై వారాల తరబడి మూతపడింది. మా ఆయన డ్యూటీ దిగి బండి మీద పావగడ నుంచి క్యాన్లు తెచ్చేవాడు. తేలేని రోజు మా అత్త సంగటికి కొళాయి నీళ్లే పోసింది. నాకు తెలియనివ్వలేదు. తర్వాతి పరీక్షలో యూరిన్ ఫ్లోరైడ్ మళ్లీ పైకి వచ్చింది. నేను అరిచాను. అత్త ఏడ్చింది. "ఒక్క పూటకేమవుతాదిలే అనుకుంటి," అంది. ఎన్ని పూటలో నేను అడగలేదు.

ఆ రోజుల్లోనే అంగనవాడిలో తల్లుల సభ జరిగింది. టీచర్ నన్ను మాట్లాడమంది. ఊళ్లో అప్పటికి ముగ్గురు బాలింతలున్నారు. ముగ్గురి ఇళ్లలోనూ నీళ్లు సగానికి మరుగుతున్నాయని నాకు తెలుసు. వాళ్లకు ఆపమని చెప్పాలంటే పాపకు ఇలా అయింది నా చేతి నీళ్ల వల్లేనని చెప్పాలి. అంతవరకు అందరితో కాల్షియం తక్కువని చెబుతూ వచ్చాను. లేచి నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

ఒక పెద్దావిడ ఒప్పుకోలేదు. "కాసిన నీళ్లు తప్పంటావా? మేమందరం అట్లే పెరిగినాము."

"అందుకే గదా అత్తా, నువ్వు నడుం పట్టుకోని లేస్తావు!" అని ఆమె కోడలే అంది. అందరూ నవ్వారు. పెద్దావిడ కూడా నవ్వి, నడుం పట్టుకునే లేచి, కోడలి వీపు మీద ఒకటి వేసింది.

ఒళ్లో నెల బిడ్డ ఉన్న అమ్మాయి మాత్రం నవ్వలేదు. "అయితే కాయొద్దా అక్కా?" అని అడిగింది.

"కాయి. ఫిల్టర్ నీళ్లు కాయి. బాగా తెర్లినాక ఒక నిమిషం ఉంచి దించేయ్. సగం అయ్యేదాకా పెట్టొద్దు."

ఇప్పుడు పాపకు ఆరేళ్లు నిండాయి. బడికి నడిచి వెళుతుంది, నొప్పి లేదు. కుడికాలు దాదాపు తిన్నగా వచ్చింది, ఎడమకాలిలో కొంచెం వంపు మిగిలింది. ఆపరేషన్ మాట వచ్చే ఏడాది చూద్దామంది డాక్టరు. కింది ముందు పళ్లు రెండు ఊడి కొత్తవి వస్తున్నాయి. ఆ పళ్లు చిగుళ్ల లోపల తయారైంది నేను నీళ్లు మరిగించిన ఏళ్లలోనే కాబట్టి మచ్చలతో రావచ్చని ముందే చెప్పారు. వచ్చినంత మేర తెల్లటి గీతలు ఉన్నాయి. పాప వాటిని అద్దంలో చూసుకుని, "సున్నం పూసినట్టుండాయి," అని నవ్వుకుంటుంది. నేను దాన్ని నవ్వనిస్తున్నాను. పడుకున్నాక నోరు తెరిచి చూడడం మాత్రం ఇంకా మానలేకపోతున్నాను. ఈ రాత్రి కూడా చూసి వచ్చాకే ఇది రాస్తున్నాను.

చదివే తల్లులకు చెప్పేది ఒకటే. డాక్టరు నీళ్ల గురించి అడిగితే "కాచినవి" అని ఊరుకోకండి. ఏ కొళాయివి, ఆ కొళాయికి ఏ బోరు నుంచి వస్తాయి, ఎంతసేపు కాస్తారు, వంటకు ఏవి వాడతారు, అన్నీ చెప్పండి. వాళ్లు అడగకపోయినా చెప్పండి. నేను మొదటి రోజే ఆ నాలుగు మాటలు చెప్పి ఉంటే ఆయన "గుడ్" అనేవాడు కాదు.