స్పీడుగా వస్తున్నావా, లేదా?

మా చిన్నప్పుడు... శేరిలింగంపల్లి దగ్గర మా క్వార్టర్స్ గేటు నుంచి పాల బూత్ దాకా అంతా దిగుడే. అటూ ఇటూ బండరాళ్ళు, సీతాఫలం పొదలు. సైకిల్ వదిలేస్తే చాలు, తొక్కక్కర్లేదు... చెవుల్లో గాలి హోరు, వీపు మీద ఎగిరెగిరి పడే రెండు జడలు. తొమ్మిదో తరగతిలో నాకున్న ఆస్తంతా ఆ ఆకుపచ్చ సైకిలే.

ఒక సాయంత్రం అలా దిగుతుంటే, పక్క క్వార్టర్ శీను తన సైకిల్ మీద సందులోంచి చూసుకోకుండా అడ్డంగా వచ్చి నా ముందు చక్రాన్ని గుద్దేశాడు. ఇద్దరం పడ్డాం. నా మోకాలు చెక్కుకుపోయింది. వాడి ముందు పన్ను విరిగింది.

వాళ్ళమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఏంది పిల్లా, మా పోరన్ని సంపుతవా ఏంది?" అని మొదలుపెట్టి, నా మోకాలు చూసి ఆగిపోయింది. పసుపు తెచ్చి అద్దుతూ మా నాన్నతో అంది, "పోనియ్యుండ్రి అన్నా, పిల్లలన్నంక దెబ్బలు తాకయా?"

నాన్న పోనివ్వలేదు. వసారాలో నులకమంచం మీద కూర్చుని నన్ను ఒక్కటే అడిగారు.

"స్పీడుగా వస్తున్నావా, లేదా?"

"వాడే అడ్డం వచ్చాడు నాన్నా..."

"నేనడిగింది అది కాదు."

"...అవును."

అంతే, విచారణ అయిపోయింది. సైకిల్ వెనక వసారాలోకి వెళ్ళింది. గొలుసు, తాళం. "కొన్నాళ్ళే" అన్నారు. కొన్నాళ్ళకి దాని హ్యాండిల్ మీద తడి తువ్వాళ్ళు ఆరేయడం మొదలుపెట్టారు. తరవాత క్యారియర్ మీద అప్పడాల పళ్ళెం. ఒకరోజు నేను బళ్ళో ఉండగా పాత సామాన్లవాడు పట్టుకుపోయాడు.

శీను మాత్రం విరిగిన పన్నుతో నవ్వుతూ అదే దిగుడులో చేతులు వదిలేసి పోయేవాడు. "అబ్బో, మొనగాడు!" అనేవారు అందరూ... మా నాన్నతో సహా.

ఇదంతా ఇప్పుడెందుకంటే... మొన్న శనివారం మధ్యాహ్నం, నిజాంపేటలో మా ఫ్లాట్‌లో, నేను అన్నం తింటుంటే గదిలోంచి మా అమ్మాయి కేక పెట్టింది. ఇంజనీరింగ్ చదువుతోంది. సెలవొస్తే కంప్యూటర్‌లో అంతరిక్ష నౌకలు నడిపే ఆట ఆడుతుంది. ఎక్కడెక్కడి వాళ్ళో అందరూ ఒకే ఆకాశంలో తిరుగుతుంటారట.

"అన్యాయం అమ్మా! వాడే వచ్చి గుద్దాడు, హత్య కేసేమో నా మీద!"

కంచం పట్టుకునే వెళ్ళి, కూర్చుని చెప్పించుకున్నాను. నౌకలు ఆగే స్టేషన్ దగ్గర స్పీడ్ లిమిట్ ఉంటుందట. దాటినంతమాత్రాన ఎవరూ ఏమీ అనరు. దాటి వెళ్తూ ఇంకో నౌకకు తగిలావా... తప్పు నీదే. ఊరికే తగిలితే జరిమానా. అవతలి నౌక పేలిపోతే హత్య కింద లెక్క, స్టేషన్ ఫిరంగులే నిన్ను కాల్చేస్తాయి. ఎవరికెవరు అడ్డం వచ్చారన్నది చూడరు. తగిలిన క్షణంలో ఎవరి స్పీడ్ ఆ లిమిట్ గీత దాటి ఉంది... అదొక్కటే చూస్తారు. ఇది తెలిసిన కొందరు, రక్షణ కవచం కూడా లేని చిన్న నౌకలేసుకుని స్టేషన్ గుమ్మం దగ్గర కాపు కాస్తారట. తొందరలో ఉన్న పెద్ద నౌక కనిపిస్తే కావాలనే ఎదురెళ్ళి పేలిపోతారట. అదో సరదా వాళ్ళకి.

"వాడు కావాలనే వచ్చాడని చెప్పుకోవడానికి లేదా?"

"ఎవరికి చెప్పాలమ్మా? అది అడిగేది ఒక్కటే... నీ స్పీడ్ ఎంత అని."

కంచం పక్కన పెట్టేశాను.

అయినా ఆ ఆటను తిట్టలేకపోయాను. అక్కడ గీత తెర మీద అంకెల్లో కనిపిస్తోంది. అబ్బాయి నడిపినా అమ్మాయి నడిపినా ఒకటే గీత. మా దిగుడులో అది ఎక్కడుందో నాకెవరూ చెప్పలేదు. శీనుకి ఒకచోట, నాకు ఇంకోచోట ఉందని పడ్డాకే తెలిసింది.

అసలు ఆ రోజు నేను నిజంగా స్పీడుగా వచ్చానా? ఇప్పటికీ తెలీదు. చెవుల్లో గాలి వినిపించింది కాబట్టి అవునన్నాను. కాదని ఉంటే సైకిల్ మిగిలేదా? ఏమో... అప్పుడు ఇంకో ప్రశ్న సిద్ధంగా ఉండేదేమో. అడుగుదామంటే నాన్న లేరు.

ఆ తరవాత నేను ఏ బండీ నేర్చుకోలేదు. స్కూటీ నాన్న వద్దన్నారు. కారు నేనే వద్దన్నాను. ఆ బండరాళ్ళని పేల్చి అద్దాల మేడలు కట్టారు. మా దిగుడు ఉన్నచోట ఇప్పుడు ఫ్లైఓవర్. రోజూ దాని మీదుగానే, క్యాబ్ వెనక సీట్లో ఆఫీసుకి పోతాను. "లేటయితుంది మేడమ్, జర జోరుగ పోనియ్యనా?" అంటాడు డ్రైవర్. "వద్దు బాబూ, మెల్లగానే" అంటాను.

కోపం చల్లారాక మా అమ్మాయి తన కుర్చీ నా వైపు తిప్పింది. "ఇన్సూరెన్స్‌లో ఇంకో షిప్ ఇచ్చారులే. ఒకసారి నువ్వు నడుపమ్మా."

చెయ్యి కడుక్కుని కూర్చున్నాను. గీతకి బాగా కిందే ఉంచి, స్టేషన్ గుమ్మంలోకి పాక్కుంటూ వెళ్ళాను.

"ఇంకొంచెం స్పీడ్ పెంచమ్మా."

"తగులుతుందేమోనే..."

"ఎవరున్నారని తగలడానికి!"

అంతలో ఎడమ పక్కన ఒకడి నౌక కనిపించింది. ఆపేశాను. సరిగ్గా గుమ్మం మధ్యలో. తెర మీద ఎర్రటి అక్షరాలు వెలిగాయి.

"అమ్మా, కదులు! దారికడ్డంగా ఆగినా కాలుస్తారు!"

ఏ మీట తొయ్యాలో తెలుసు. చెయ్యి ముందుకు పోలేదు.

ఫిరంగులు పేలాయి. మా అమ్మాయి పొట్ట పట్టుకుని నవ్వింది. "స్పీడుగా పోయి చచ్చినవాళ్ళని చూశాను గానీ, ఆగి చచ్చినదాన్ని నిన్నే చూశానమ్మా!"

నేనూ నవ్వాను... నవ్వాననే అనుకుంటున్నాను.

ఇప్పటి పిల్లలకి గీత కనిపిస్తోంది. దాటాలో వద్దో వాళ్ళే అనుకుంటున్నారు. మన తరం ఆడపిల్లలకి ఆ మాత్రం కూడా లేకపోయింది...

మీ ఇంటి వెనక వసారాలో ఆగిపోయిన సైకిల్ ఏ రంగుదో చెప్పండి. నాది ఆకుపచ్చ.