సారు చెప్పని పేరు

మా సారు పోయారని పొద్దున్నే ఫోన్ వచ్చింది. చేసినవాడు మాతో పాటు పనిచేసిన పాత విలేకరి. ఏడుస్తూనే చెప్పాడు. నేను నమ్మలేదు. ఫోన్ పెట్టేసి, అతనితో మాటల్లేని ఇంకో మిత్రుడికి చేశాను. ఆయనా అదే చెప్పాక అప్పుడు కుర్చీలో కూలబడ్డాను. ఇది సారు నేర్పిన పద్ధతే. "ఒక్కడు చెప్తే వార్త కాదు. ఇద్దరు చెప్పినా కాదు. ఆ ఇద్దరికీ పడదని తెలిస్తెనే వార్త" అనేవారు. ఆయన చావును కూడా అలాగే నమ్మాల్సి వచ్చింది.

సారుది శంషాబాద్ దగ్గర సాతంరాయి, వ్యవసాయ కుటుంబం. ఒక పొరుగు దేశపు రాజధానిలో మా పత్రికకు చాలా ఏళ్లు విలేకరిగా ఉన్నారు. నేను ఆయన కింద పని నేర్చుకున్నాను. ఆ దేశం పేరు ఇక్కడ రాయను. ఆనాటి వాళ్లే అక్కడ ఇంకా కుర్చీల్లో ఉన్నారు.

హోటల్‌కి వెళితే సారు గోడకు వీపు ఆనించి గానీ కూర్చునేవారు కాదు. మంత్రి నవ్వుతూ పలకరిస్తే "ఈయనకు మనతోటి ఏం పనిబడ్డదో" అనేవారు. పలకరించకపోతే "ఏందో దాస్తుండు" అనేవారు. ఒకసారి పాలుపోసే మనిషి మారాడని పాలే మానిపించారు. కొన్నాళ్లు ఇద్దరం నల్ల టీ తాగాం. పరాయి ప్రభుత్వం గురించి ఆ ప్రభుత్వం నీడలోనే కూర్చుని రాయడమంటే ఏమిటో తెలియని రోజులవి. నాకు నవ్వొచ్చేది.

ఇంటికి ఫోన్ చేస్తే మాత్రం గొంతు పెంచి, అచ్చంగా తమ ఊళ్లో మాట్లాడినట్టే మాట్లాడేవారు. మక్కలు కోసిండ్రా, బర్రె ఈనిందా, అవే ముచ్చట్లు. "మన మాటలు వినేటందుకు ఒక తెలుగాయన్ని పెట్టుకునే ఉంటరు తమ్మీ. ఆయన మీ దిక్కాయనే అయి ఉంటడు. జర పరేషాన్ కానియ్యి" అనేవారు. మాది తెనాలి దగ్గర. నవ్వుతూ అన్న మాటే అయినా ముల్లులా దిగేది. తర్వాత ఒక విందులో సమాచార శాఖ అధికారి సారు పక్కకు చేరి, "మక్కలు అంటే ఎవరు?" అని మెల్లగా అడిగాడు. మొక్కజొన్నలని సారు ఓపిగ్గా చెప్పి పంపారు. ఆ తర్వాత నా ముఖంలోకి కాస్త ఎక్కువసేపే చూశారు.

ఆ వానాకాలం అక్కడి అధ్యక్షుడు బయట కనబడటం మానేశాడు. విశ్రాంతి తీసుకుంటున్నారని ప్రకటన ఇచ్చారు. ఒక ఉదయం మా పత్రికలో సారు వార్త వచ్చింది. అధ్యక్షుడికి మాట పడిపోయిందని, ఉత్తర్వుల మీద సంతకాలు ఇంకెవరో చేస్తున్నారని. చదివి తిన్నగా సారు దగ్గరికే పరుగెత్తాను.

"ఎవరు చెప్పారు సార్?" అని అడిగాను.

"నీకెందుకు తమ్మీ?"

"నేను మీతోనే కదా పనిచేస్తున్నది?"

"గందుకే" అని ఆయన వంకాయలు తరగడం మొదలుపెట్టారు.

మర్నాడు అక్కడి నిఘా విభాగం వాళ్లు ఆయన్ని పిలవలేదు, నన్ను పిలిచారు. పొద్దున కూర్చోబెడితే సాయంత్రం దాకా ఒకటే ప్రశ్న. ఒకడు కసిరాడు, ఇంకొకడు బిస్కెట్లు పెట్టి బుజ్జగించాడు. పేరు చెబితే ఇంటికి, చెప్పకపోతే జైలుకి అన్నారు. నా దగ్గర పేరంటూ ఉంటే ఆ సాయంత్రానికి చెప్పేసి ఉండేవాణ్ని. ఆడో మగో కూడా తెలియదు నాకు. నేను నిజంగానే ఏమీ తెలియని దద్దమ్మనని వాళ్లకే నమ్మకం కుదిరి వదిలేశారు. సారు వీసా రద్దు చేసి విమానం ఎక్కించారు.

బతికి బయటపడ్డాను గానీ కడుపులో మంట మిగిలిపోయింది. ఫోన్లు వినే ఆ తెలుగాయన నేనే అనుకున్నారా సారు? ఇన్నేళ్లూ ఆ ఒక్క సంగతి తేలలేదు నాకు.

ఆయన సాతంరాయిలో స్థిరపడ్డారు. నేనూ తిరిగొచ్చి అత్తాపూర్‌లో ఉంటున్నాను కాబట్టి తరచూ వెళ్లేవాణ్ని. మేడ మీద కూర్చునేవాళ్లం. విమానం నెత్తి మీదికి వచ్చినప్పుడే అసలు మాట చెప్పేవారు, ఎవరూ వినకుండా. నాకూ సగం వినబడేది కాదు. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను, నన్ను అనుమానించారు కదా సార్ అని. ఆకాశంలో ఏ చప్పుడూ లేదు. "అనుమానిస్తెనే కదా తమ్మీ, నువ్వు ఇంటికొచ్చినవ్" అన్నారు. అది జవాబో, తప్పించుకోవడమో! అత్తాపూర్ చేరేదాకా దారంతా అనుమానించాను. ఎంతైనా ఆయన శిష్యుణ్ని.

దినాలకు ముందు రోజు సారు భార్య నన్ను పక్కకు పిలిచారు. మేడం అంటే ఊరుకోరు, అక్కా అనాల్సిందే.

"తమ్మీ, రేపు పగటిపూట ఒకామె విమానం దిగుతది. పోయి తోల్కరా. నీ కారు నంబరు చెప్పిన."

"ఎవరక్కా?"

"నాకు గూడ తెల్వదు. మంచాన పడ్డంక చెప్పిండు. నేను పోతే ఆమెకు కబురు చెయ్యి, వస్తనంటే తమ్మిని పంపు. ఇంకెవ్వర్ని పంపకు, మన పిల్లల్ని గూడ పంపకు అన్నడు."

అక్కడే మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. చావు కబురు విన్న రోజు కూడా అంత ఏడవలేదు.

ఎయిర్‌పోర్టులో ఒక పెద్దావిడ చిన్న సంచితో వచ్చి నంబరు చూసింది, అటూ ఇటూ చూసింది, వెనక సీట్లో కూర్చుంది. నోరు విప్పగానే ఆమె ఇంగ్లిష్ యాసను బట్టి ఏ దేశమో తెలిసిపోయింది. తక్కింది కూడా తెలిసిపోయింది.

"ఆయన దగ్గర పనిచేసిన కుర్రవాడివి నువ్వే కదా?" అంది. నా జుట్టు నెరిసి చాలా కాలమైంది.

"అవునమ్మా."

"నిన్ను కూర్చోబెట్టిన రోజు నేను పక్క భవనంలోనే ఉన్నాను. ఎప్పుడు నా కోసం వస్తారా అని సాయంత్రం దాకా తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను. ఇప్పుడు మా అబ్బాయిది కూడా ఆ ప్రభుత్వంలోనే ఉద్యోగం." సంచి ఒళ్లోకి తీసుకుంది. "నీకు నా పేరైనా తెలియదు. నా పేరు..."

"చెప్పకండమ్మా" అన్నాను. "నన్ను మళ్లీ ఎవరైనా అడగొచ్చు."

కారు తీశాను. శంషాబాద్ దాటి బెంగళూరు రోడ్డు ఎక్కాక వెనక నుంచి ఆమె చెయ్యి వచ్చి నా భుజం మీద ఆనింది. సాతంరాయి వచ్చేదాకా అక్కడే ఉంది.