పొయ్యిలో ఉప్పు, ఆకాశంలో ఉప్పు

మా చిన్నప్పుడు... ఇంకా తెల్లవారకముందే నాయన నా ట్రంకుపెట్టె భుజానికెత్తుకున్నాడు. పెనుకొండ హైస్కూల్లో చేరడానికి అదే ఆఖరి రోజు. సోమందేపల్లె దాకా నడిస్తేనే బస్సు.

గడప దాటామో లేదో... కొండ మీదుగా పసుపుపచ్చని గీత గీసుకుంటూ చుక్క రాలింది.

సాగనంపడానికి వచ్చిన మా మేనత్త నా జడ పట్టుకుని వెనక్కి లాగింది.

"అన్నా, చుక్క తెగినాది! ఇంట్లో ఎవరో పోతారు. బిడ్డను పంపొద్దు."

నాయన పెట్టె దించేశాడు. నా గుండె దానికన్నా ముందే దిగింది.

అత్త నన్ను ఇంట్లోకి లాక్కెళ్ళి, గుప్పెడు రాళ్ళుప్పు నా చుట్టూ మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేసింది. చిటపటమంటూ మంట పసుపు తిరిగింది... అచ్చం ఆ గీత రంగే!

"అత్తా! చూడు, పైన కాలిందీ ఇదే!" అని అరిచాను.

"నోరు ముయ్యే. చుక్కకు ఉప్పు యాడిది?"

మా అయ్యవారు చెప్పిన పాఠమంతా ఒక్క ఊపిరిలో అప్పజెప్పాను. రాలేది చుక్క కాదు, గులకరాయంత రాయి. విపరీతమైన వేగంతో గాలిలోకి చొరబడి మండిపోతుంది. అందులోని ఇనుము, మెగ్నీషియం, ఉప్పులో ఉండే సోడియం ఆవిరై అంత ఎత్తునే ఉండిపోతాయి. తర్వాత సన్నని దుమ్మై మెల్లగా దిగుతాయి. సోడియం వేడెక్కితే పసుపు వెలుగు.

"పోయింది రాయి అత్తా, మనిషి కాదు!"

నాయన గడ్డం గోక్కున్నాడు. "ఇంగో పిడికెడు ఎయ్యి మే, చూస్తాం."

వేసింది. మళ్ళీ పసుపు!

నాయన పకపకా నవ్వి పెట్టె ఎత్తుకున్నాడు. "పా పాపా, బస్సు పోతాది."

"ఉప్పంతా కాల్చి పోతాండారు... ఈ పొద్దు సంగటి సప్పగా తినండి!" అని వెనక నుంచి అత్త.

ఆ ఏడాది మా ఇంట్లో పోయింది నేనొక్కదాన్నే... హైస్కూలుకు. తర్వాత ముప్పై ఏళ్ళు సైన్సు చెప్పాను. వాన మొహం చాటేసే మా సీమలోనూ ఏటా తప్పకుండా దిగేది ఆ ఇనుప దుమ్మేనని పిల్లలకు చెబితే ఎంత నవ్వేవారో!

ఇప్పుడు హైవే దీపాల వెలుగులో రాలే చుక్కలు కనబడటం లేదు. జడ పట్టుకుని ఆపే అత్తలూ లేరు... ఎదురు చెప్పి గెలిచే సంబరమూ పిల్లలకు లేదు.

మరి మీ బడిదారికి అడ్డొచ్చిన శకునం ఏది? దాని నోరు ఎలా మూయించారో రాయండమ్మా...