ఇనుప దున్నకు తాగించిన నీళ్ళు

బున్లువన్ ఇంట్లో ట్రాక్టర్‌ని ఎవరూ ట్రాక్టర్ అనరు. వెనక నడుస్తూ తోలే ఆ చిన్న బండి వాళ్ళకి ఇనుప దున్న. అసలు దున్నని అమ్మి దాన్ని తెచ్చిన ఏడు ఆమె మూడు రోజులు అన్నం ముట్టలేదు. ఆ బాధ చూడలేక మొగుడు ఖంఫన్, "దున్నకి చేసే పూజ దీనికీ చేద్దాంలే" అన్నాడు. అప్పట్నించీ ఏ ఏడూ తప్పలేదు. నాట్లు అయ్యాక హ్యాండిల్‌కి తెల్లదారం కట్టి, ఉడికిన గుడ్డూ జిగురన్నమూ పెట్టి, మల్లెలు వేసిన నీళ్ళతో కడిగి, "తిట్టాం, కొట్టాం, మనసులో పెట్టుకోకు. బెదిరిపోయిన నీ ప్రాణం తిరిగి రావాలి" అని బతిమాలేవారు. ఇంజన్‌కి ప్రాణమేంటని ఎవరైనా నవ్వితే, ముందు నీకుందా అని ఆమె అడిగేది.

ఖంఫన్ పోయాక వచ్చిన మొదటి జూన్‌లో వాన కురిసి మడి నిండింది. థాయ్‌లాండ్‌ ఈశాన్యాన ఉన్న ఈసాన్ ఇసుక నేల కదా, రెండు రోజుల్లో నీళ్ళన్నీ ఇంకిపోతాయి. తీరా చూస్తే ఇనుప దున్న తెల్లపొగ దగ్గి ఆగిపోయింది.

అల్లుడు చలియో హ్యాండిల్ తిప్పీ తిప్పీ చతికిలబడ్డాడు. "అత్తా, దీని పని అయిపోయింది. పెద్ద ట్రాక్టర్‌ని పిలుద్దాం. దీన్ని పాత ఇనుము వాడికి ఇచ్చేద్దాం."

"మీ మామ చెయ్యి పడ్డ బండి అది. నేనుండగా ఇనుము వాడికా?"

"మామ ఉంటే బాగుచేసేవాడు. లేడుగా మరి!"

ఆమెకి చురుక్కుమంది. "రేపు మధ్యాహ్నం దాకా ఆగు. అప్పటికీ కదలకపోతే నేనే ఎక్కించి పంపుతా."

పొద్దున్నే పానాలు ముందేసుకుని కూర్చుంది. ఇన్నేళ్ళూ అవి మొగుడికి అందించిన చేతులే. ఫిల్టర్ గాజు గిన్నె విప్పితే డీజిల్ అడుగున రెండు వేళ్ళ మందం నీళ్ళు. ట్యాంకు మూత కింది జల్లెడలో నల్లబడిన మల్లె రేకులు.

"ఇందులో నీళ్ళెవరు పోశారత్తా?"

"నేనే. దున్నకి స్నానం చేయించి తాగడానికి పెట్టమా? ఏటా కొబ్బరి చిప్పెడు పోస్తా."

"ఏటానా? మరి ఇన్నేళ్ళు ఎలా నడిచింది?"

అప్పుడు ఆమెకి గుర్తొచ్చింది. పూజ అయిన సాయంత్రమే ఖంఫన్ బండిని కొట్టం వెనక్కి తోసుకెళ్ళేవాడు. "నిద్రపుచ్చి వస్తా" అనేవాడు. అరగంటకి ఒళ్ళంతా డీజిల్ కంపుతో తిరిగొచ్చేవాడు. పెళ్ళాన్ని ఎప్పుడైనా అలా నిద్రపుచ్చావా అని ఆమె దెప్పేది. పోయిన ఏడు పూజ నాటికి అతను మంచం దిగలేని స్థితి. "నీళ్ళు తాగించావా?" అని అడిగాడు. "కడుపునిండా" అంది. దగ్గొచ్చేదాకా నవ్వాడు. జ్వరం తలకెక్కిందనుకుంది. ఆ వారంలోనే పోయాడు.

ట్యాంకు ఒంపి, తుడిచి, కొత్త డీజిల్ పోశారు. డీజిల్ పైపు మర వదులు చేసి గాలి బుడగలు ఆగేదాకా చూసి బిగించింది. ఆరో తిప్పుకి ఇంజన్ అందుకుంది.

"మామని మించిపోయావత్తా!" అని అరిచాడు చలియో.

ఆమె బండి పట్టుకుని మడిలోకి దిగింది. సగం చాలు నడిచాక ఇక ఆపుకోలేకపోయింది.

"ఇన్నేళ్ళూ నోరు మూసుకుని ఆ నీళ్ళు ఒంపి డీజిల్ పోశావా, ముసలోడా? ఒక్కసారి 'ఒసే పిచ్చిదానా, పోయకే' అని తిట్టి ఉంటే నీ సొమ్మేం పోయేది?"

మడి చివరిదాకా ఏడుస్తూనే దున్నింది.